మొమెంట్ అంటే క్షణం కాదని చెప్పిన అక్కకీ, బాకీ తీర్చనివ్వని పిన్నికీ

మొన్న ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫస్ట్ సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చాయి. నాలుగు థియరీ పేపర్లలో మూడు గట్టెక్కాయి, ఎలక్ట్రానిక్స్ ఉండిపోయింది. ఇదేం గొప్ప అంటారేమో, నిజమే, కానీ నవంబరులో ఒక సాయంత్రం పెట్టె సర్దేసుకుని ఊరికి బయల్దేరినవాణ్ని నేను, అందుకని నాకిది గొప్పే. ఆ రోజు ఆగిపోవడానికీ, ఆగాక నిలబడ్డానికీ కొందరు కారణం. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయను, చదివితే వాళ్లకే తెలుస్తుంది.

మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీ పేరుకే ఇంగ్లీష్ మీడియం, పాఠం వినేది తెలుగులో, పరీక్షలో రాసేది బట్టీ పట్టిన ఇంగ్లీష్. ఆంధ్రా యూనివర్సిటీలో సీటు వచ్చిందని తెలియగానే మా హైస్కూల్ మాస్టారు ఇంటికొచ్చి, సూరి భగవంతం గారు పాఠాలు చెప్పిన డిపార్ట్‌మెంటు అదీ, ఆయన సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసిన మనిషీ అని మా నాన్నకి అరగంట చెప్పారు. నాన్నకి రామన్ ఎవరో తెలియదు గానీ ఆ అరగంటా తల ఊపుతూనే ఉన్నారు. ఆ తల ఊపడం గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత నాకు టెన్షన్ వచ్చేది.

చివరి విడత కౌన్సెలింగ్‌లో చేరాను కాబట్టి నేను వెళ్లేసరికి క్లాసులు మొదలై మూడు వారాలైంది, హాస్టల్ నిండిపోయింది. పెదవాల్తేరులో మేడ మీద ఒక రూములో అప్పటికే ముగ్గురున్నారు, నాలుగోవాడిగా నన్ను ఇరికించుకున్నారు. మాటవరసకి అనడం లేదు, రాత్రి ఒకడు పక్కకి తిరగాలంటే మిగతా ముగ్గురం తిరగాల్సిందే. పైగా విశాఖ ఉక్కపోత, విప్పి తగిలించిన చొక్కా తెల్లారినా ఆరదు. అయినా అడ్వాన్స్ అడగలేదు, అద్దెలో నా వాటా స్కాలర్‌షిప్ పడ్డాక ఇమ్మన్నారు. (పొద్దున్న బకెట్ దగ్గర జరిగిన యుద్ధాల గురించి ఇక్కడ రాయను, ఇది కృతజ్ఞతల పోస్టు కదా.)

ఇక క్లాసు. క్లాసికల్ మెకానిక్స్ సార్ బాగా చెప్తారని అందరూ అంటారు, నాకు మాత్రం మాట వినబడేది, బుర్రకి ఎక్కేది కాదు. 'మొమెంట్ ఆఫ్ ఇనర్షియా' అన్నారనుకోండి, మొమెంట్ అంటే క్షణం కదా, జడత్వానికి క్షణం ఏమిటి చెప్మా అని నేను ఆలోచించేలోపు బోర్డు నిండిపోయి, తుడిచేసి, మళ్లీ నిండేది. నవ్వకండి, డిగ్రీలో అదే డెఫినిషన్ రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే. మొదటి మిడ్‌లో 20కి 4 వచ్చాయి. తప్పు నాదే, అర్థం కాలేదని ఒక్కరోజు కూడా ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రమే పెట్టె సర్దాను. రాయగడ పాసింజర్ ఎక్కితే బొబ్బిలిలో దిగిపోవచ్చు. కానీ వీధి చివర టిఫిన్ బండి పిన్నికి 180 రూపాయలు బాకీ ఉన్నాను, అది ఇచ్చేసి పోదామని ఆగాను. "పెట్టేటి బాబూ? పండగ ఇంకా రెణ్నెల్లుంది కదా" అంది. ఒంట్లో బాగోలేదని చెప్పి డబ్బులు చాపితే తీసుకోలేదు. "ఇప్పుడొద్దు, పండక్కెళ్లినప్పుడిద్దువు గాని. కూకో, అట్టు తిను" అంది. ఒకరి బాకీ ఉంచుకుని ఊరు విడవకూడదని మా అమ్మ పెంపకం. ఆవిడ నా వాలకం చూసి అలా అందో, చిల్లర లేక అందో నాకిప్పటికీ తెలియదు. అట్టు తినేసరికి రైలు టైమ్ దాటిపోయింది.

మర్నాడు వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో లావుపాటి మెకానిక్స్ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఎదురు బల్ల దగ్గరున్న సెకండ్ ఇయర్ అక్క, పలాస వైపు ఆవిడ, "ఏం తమ్ముడూ, గంట నుంచీ అదే పేజీ" అంది. ఏడుపొక్కటే తక్కువగా అంతా చెప్పేశాను. "జడత్వ భ్రామకం తెలుసా? మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అంటే అదే, క్షణం కాదు" అంది. తెలుసన్నాను. "ద్రవ్యవేగం? నిరూపకాలు?" అవీ తెలుసు. "మరింకేం, నీకు ఫిజిక్స్ వచ్చు, పేర్లే రావు" అని నా నోట్‌బుక్ లాక్కుని పేజీకి నడిమధ్య గీత గీసింది, ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీష్.

తర్వాత, "మీ ఊళ్లో బావి ఉందా, గిలక ఉందా" అని అడిగింది. ఉంది, తాడుకి రెండు కొసలా రెండు చేదలు కూడా. "ఒక చేద ఎంత దిగితే రెండోది అంత లేస్తుంది, తాడు సాగదు కాబట్టి. మరి రెండు చేదలు ఎక్కడున్నాయో చెప్పడానికి రెండు అంకెలెందుకు, ఒకటి చాలదూ? ఆ తాడే కన్‌స్ట్రెయింట్, ఆ ఒక్క అంకే జనరలైజ్డ్ కోఆర్డినేట్." గతిజ శక్తిలోంచి స్థితిజ శక్తి తీసెయ్, అదే లగ్రాంజియన్ అంది. చిన్నప్పట్నుంచీ చేదుకున్న నీళ్లే అవి. పుస్తకంలో రెండు పేజీల తర్వాత అదే గిలక బొమ్మ ఉంది, పక్కన ఆట్‌వుడ్ మెషీన్ అని రాసుంది.

అలా రోజూ సాయంత్రం ఓ గంట, దాదాపు నెలన్నర పాటు చెప్పింది. లైబ్రరీలో పనిచేసే ఒక పెద్దాయన మా గొడవ విని తెలుగు అకాడమీ వాళ్ల పాత పదకోశం వెతికి తెచ్చిచ్చారు, అట్ట ఊడిపోయింది గానీ లోపల బంగారం. ఐగెన్ విలువ అనే లెక్కల మాట దగ్గర మాత్రం అక్కకీ నాకూ తెలుగు మాట దొరక్క అలాగే ఉంచేశాం. ఫీజు ఏమిటంటే ఆదివారం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్, రూమ్మేట్లు కూడా వచ్చేవారు. మొదటిసారి వెళ్లినప్పుడు చీకట్లో సముద్రం మీద వరసగా దీపాలు చూసి, అటు ఏ ఊరుందని అడిగాను. లంగరేసిన ఓడలట. ఆ మాట పట్టుకుని రూమ్మేట్లు ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

సంక్రాంతికి వెళ్లేటప్పుడు పిన్ని బాకీ 640 అయింది. ఈసారి లెక్కపెట్టుకుని మరీ తీసుకుంది. తిరిగొస్తూ అమ్మ చేసిన అరిసెలు ఇస్తే, పాకం కాస్త ముదిరిందని చెప్పమంది. చెప్పాను. అమ్మకి కోపమొచ్చింది.

ఆ రెండు వరసల నోట్‌బుక్ ఇప్పుడు నిండిపోయింది. తెలుగు మీడియం నుంచి ఈ ఏడాది చేరేవాళ్లెవరైనా ఉంటే సాయంత్రాలు లైబ్రరీలోనే ఉంటాను, తీసుకెళ్లి జిరాక్స్ తీయించుకోండి, అక్క చేతిరాత కాస్త గొలుసుకట్టు, అలవాటవుతుంది.

అక్కా, ట్రాన్సిస్టర్‌కి మా ఊళ్లో గిలకలాంటిదేమీ దొరకలేదు, సప్లిమెంటరీలోపు ఏదైనా ఆలోచించి పెట్టు. నీ పెన్ డ్రైవ్ నా దగ్గరే ఉంది, సోమవారం తెస్తాను.