ఆ ఉదయం షో ఆలస్యం కావడానికి కారణం మేమే

మా దగ్గర డీసీపీలు, అంటే హాల్లో సినిమా వేయడానికి ఇచ్చే డిజిటల్ ఫైళ్లు, చేయించుకునే మిత్రులందరికీ నమస్కారం.

పోయిన నెల ఒక ప్రివ్యూ షోలో జరిగిన గొడవ మీ చెవిన పడే ఉంటుంది. కృష్ణానగర్‌లో మాట దాగదు కదా. తప్పు హాలువాళ్లదని కొందరు, డైరెక్టర్‌దని కొందరు అంటున్నారట. తప్పు మాది. ఇంకా చెప్పాలంటే నాది.

అది లంబాడీ భాషలో తీసిన 74 నిమిషాల సినిమా. షో ఉదయం పదిన్నరకి. నటించినవాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు దేవరకొండ వైపు తండా నుంచి తెల్లవారుజామునే వ్యాన్‌లో బయల్దేరి వచ్చారు. తీరా ఆపరేటర్ ప్లే నొక్కితే, హాల్లో సినిమాని ఆడించే సర్వర్ ఒప్పుకోలేదు. డీసీపీకి తాళం వేస్తే దాన్ని తీసే చెవి కేడీఎం. కొన్ని కేబీల ఫైలు, అంతే. అది ఆ ఒక్క సర్వర్‌కే, మనం పెట్టిన టైం లోపలే పనిచేస్తుంది. మొదలయ్యే టైం ఉదయం 10 అనే పెట్టాను. కానీ టైం జోన్ దగ్గర మన ఐదున్నర గంటలు కలపకుండా సున్నా వదిలేశాను. అంటే మనకి మధ్యాహ్నం 3:30 అయితే గానీ ఆ తాళం రాదు.

ఫోన్ వచ్చేసరికి నేను మెట్రోలో ఉన్నాను, ల్యాప్‌టాప్ షాపులో ఉంది. కొత్త కేడీఎం చేసి పంపి, బొమ్మ పడేసరికి 11:15. పన్నెండున్నరకి హాలు ఖాళీ చేయాలి. సినిమా అయ్యాక తండావాళ్లని ముందుకు పిలిచి మాట్లాడించాలని డైరెక్టర్ ఎంతో అనుకున్నాడు. అది కుదరలేదు. అతను వద్దన్నా మేం తీసుకున్న డబ్బు మొత్తం వెనక్కి పంపేశాను.

ఇకనుంచి కేడీఎం షోకి ఒక రోజు ముందే మొదలయ్యేలా ఇస్తాం. ముందురోజు మా మనిషి హాలుకి వెళ్లి మొదటి రెండు నిమిషాలు, మధ్యలో ఒక రీలు, చివరి టైటిల్స్ వేసి చూస్తాడు. ఊళ్లో షో అయితే దీనికి 1500 అదనం. చేదుగా ఉన్నా తప్పదు, ఒక పూట మనిషి పని అది. హాలువాళ్లు ఈలోపు సర్వర్ మారిస్తే మాత్రం వెంటనే చెప్పండి, పాత చెవి దానికి పట్టదు. అసలు ఒకటి రెండు షోలకే అయితే తాళం వద్దని నా సలహా. చాలా ఫెస్టివళ్లు కూడా తాళం లేని డీసీపీనే అడుగుతాయి.

పనిలో పనిగా ఇంకోటి కూడా ఒప్పుకుంటాను. "అన్నా, 4కేలో ఇవ్వు" అని అడిగిన ప్రతివాళ్లకీ ఇచ్చి, అదనంగా డబ్బు తీసుకున్నాం. అందులో చాలామందికి అది అక్కర్లేదు. డీసీపీలో బొమ్మ జేపెగ్ 2000 పద్ధతిలో ఉంటుంది, అందులో పెద్ద బొమ్మలోంచి చిన్న సైజు బొమ్మని విడిగా తీయొచ్చు కాబట్టి, 2కే హాల్లో 4కే డీసీపీ వేస్తే సర్వర్ అందులోంచి 2కే బొమ్మ వరకే తీసుకుంటుంది. పైగా సెకనుకు 24 ఫ్రేముల సినిమాకి 2కే అయినా 4కే అయినా సెకనుకు 250 మెగాబిట్లే గరిష్ఠం. 4కే బొమ్మలో చుక్కలేమో 2కేకి నాలుగింతలు. గిన్నెలో అన్నం అంతే, తినేవాళ్లు నాలుగింతలు. 1080లో తీసి 4కేకి సాగదీసిన సినిమా సంగతి చెప్పక్కర్లేదు. ఇకమీదట 4కేలో తీసి, గ్రేడింగ్ (రంగులు సరిచేయడం) కూడా 4కేలోనే చేసి, ఆడే హాల్లో 4కే ప్రొజెక్టర్ ఉంటేనే 4కే డీసీపీ చేస్తాం. ఓటీటీకి, టీవీకి కావాల్సిన 3840×2160 ఫైలు వేరే, దాని రేటు మారలేదు.

25 ఫ్రేముల్లో తీసినవాళ్లు ముందే చెప్పండి, ప్లీజ్. 24కి దించితే 90 నిమిషాల సినిమా 93 నిమిషాల 45 సెకన్లు అవుతుంది. సౌండ్ కూడా దానికి తగ్గట్టు సాగదీయాలి, అది రాత్రికి రాత్రి అయ్యే పని కాదు.

బయటి ఊళ్లవాళ్లు లింక్ పంపమంటున్నారు. రెండు గంటల సినిమా గరిష్ఠ రేటులో 225 జీబీ. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఎక్కడా తగ్గకపోతే 5 గంటలు, మా వీధి కరెంటుతో ఎన్ని గంటలో మీరే ఊహించుకోండి. ఆర్టీసీ కార్గోలో హార్డ్ డిస్క్ వేయడమే నయం. మీరు డిస్క్ తెచ్చేటప్పుడు దాని కేబుల్ కూడా తెండి, మా దగ్గరున్న రెండూ ఎవరో పట్టుకెళ్లారు.