భజనలో పెద్దల గొంతు నలగకుండా

సంపాదకులకు,

ధనుర్మాసం రాగానే రామాలయాల్లో తెల్లవారుజాము భజనలు మొదలవుతాయి. పాడితే ఆరోగ్యమంటారు, నిజమే. పంక్తి పూర్తయ్యేదాకా గాలిని పొదుపుగా వదలాలి కదా, ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకుపోయే సీఓపీడీ ఉన్నవాళ్లకు అది మంచి కసరత్తు. బ్రిటన్‌లో ఇలాంటి రోగులకోసమే పాటల బృందాలు నడుస్తున్నాయి. (ఇన్‌హేలర్ మాత్రం మానకూడదు.) అయినా మన భజనల్లో అరవై దాటినవాళ్లు గంటసేపు పాడి బొంగురు గొంతుతో ఇంటికెళ్తున్నారంటే, చాలాచోట్ల తప్పు శ్రుతిదే, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తుదే.

హార్మోనియం ముందు కూర్చున్నవారు అలవాటు కొద్దీ ఐదున్నర శ్రుతి (అంకె పెరిగితే ఎత్తు పెరిగినట్టు) పెట్టేస్తారు. వయసు మీదపడ్డాక ఆడవాళ్ల గొంతు కిందికి దిగుతుంది. పై షడ్జమం (పై 'స') దగ్గర గడ్డం పైకి లేచి, మెడ నరాలు ఉబ్బాయంటే శ్రుతి ఎక్కువైనట్టే. ఒక్కో మెట్టు దించుతూ నాలుగుకో, మూడుకో రండి. నామోషీ ఏమీ లేదు. ఒకటి, రెండు శ్రుతుల్లో పాడే మగవాళ్లను ఆడవాళ్ల శ్రుతిలోకే లాగితే అరవడం తప్ప వాళ్లకు దారి ఉండదు. ఆడవాళ్ల పాట, మగవాళ్ల పాట వంతులుగా పెట్టుకుంటే శ్రుతి మార్చుకోవచ్చు, రెండో జట్టుకు విశ్రాంతీ దొరుకుతుంది.

మొదటి ఐదు నిమిషాలు నోరు మూసి 'మ్' అంటూ మధ్యస్థాయిలోనే తిరగాలి. ఇంకా సిద్ధం కాని గొంతుతో నేరుగా పైస్థాయికి పోవద్దు. గాలి పీల్చేటప్పుడు భుజాలు లేస్తే ఊపిరి పైపైనే ఆగినట్టు. పొట్ట ముందుకు రావాలి. పంక్తి మధ్యలో ఆయాసం వస్తే ఆపేయండి, పక్కవారు అందుకుంటారు. అందరూ కలిసి పాడటంలో ఉన్న సుఖమే అది. ఒళ్లో పుస్తకం పెట్టుకుంటే మెడ వంగి గొంతు నొక్కుకుపోతుంది. పెద్ద అక్షరాలతో రాసి కళ్లెదుట గోడకు తగిలించండి. మోకాళ్ల నొప్పులున్నవారికి కుర్చీ వేయండి, పాదాలు నేలకు ఆనాలి.

ఇక మైకు. చేయిచాపు దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే ఆ మోత చెవికి చేటు. అందులో ఎవరి గొంతు వారికే వినపడక ఇంకా గట్టిగా పాడతారు. ఇరవై మంది ఉన్న మండపానికి మైకు ఎందుకో నాకైతే అర్థం కాదు. వినికిడి యంత్రం పెట్టుకున్నవారిని తాళాలకు దూరంగా కూర్చోబెట్టండి.

గొంతు బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే మిరియాల కషాయంతో సరిపెట్టుకోకుండా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి.

– ఒక సంగీత ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం