పాస్‌బుక్ కాపీ ఎందుకడిగావమ్మా

బ్రాడీపేట,
గుంటూరు

చి.సౌ. మాధవికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, బంటి క్షేమమని తలుస్తాను. ఫోన్‌లో అయిపోయే మాటలకి ఉత్తరమేంటని నవ్వుకుంటావని తెలుసు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా, మళ్ళీ చేస్తా" అంటావు. ఆ మళ్ళీ రాదు. ఉత్తరమైతే మీటింగ్ అయ్యాక చదువుకోవచ్చు.

ఈ ఏడు ఆవకాయ బాగా కుదిరింది. కాయలు నూజివీడువి, కారం మన సత్తెనపల్లి చేనుదే. నీ వాటా సీసా అమ్మ కట్టి ఉంచింది. పుణె అడ్రసుకే పంపమంటావా, ఇంకో అడ్రసేమైనా ఉందా, అది చెప్పు. మామూలుగానే అడుగుతున్నాను.

నా మోకాలు పర్వాలేదు. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు, మనది మేడ మీద పూజగది. అమ్మకి బీపీ మాత్ర మార్చారు. యార్డులో మిర్చికి ధర లేక నాగేశ్వరరావు టిక్కీ బస్తాలన్నీ కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి. తేజ రకం వేసినవాళ్ళ ముఖాలు కూడా మాడిపోయే ఉన్నాయి. వ్యవసాయమంటే ఇది. ఊరికే గుర్తొచ్చి రాశాను.

శేషు ఆదివారం వచ్చాడు. సత్తెనపల్లి పొలం పాస్‌బుక్, వన్ బీ (భూమి రికార్డు) కాపీలు నువ్వు అడిగితే వాట్సాప్‌లో పంపానన్నాడు. అడిగితే నేనే పంపేవాణ్ణి కదమ్మా. శేషు నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలియనిదా? ఆ వారమే బెజవాడలో చిట్టి కూతురి పెళ్ళి. భోజనాల దగ్గర రాజమండ్రి అత్తయ్య గట్టిగా, పంక్తి అంతా వినేలా, "మాధవి ఉద్యోగం మానేసి నాసిక్‌లో బ్రాందీ ఫ్యాక్టరీ పెడుతోందటగా" అంది. మీ అమ్మకి ఒక్క ముక్క తెలియదు. అయినా తడుముకోకుండా, "బ్రాందీ కాదొదినా, ద్రాక్షతోట" అనేసింది. వారధి దాటి మంగళగిరి వచ్చేదాకా కారులో నోరు విప్పలేదు. విప్పాక అన్నది ఒక్కటే, "ఎం.సి.ఏ. చదివించింది సారా కాయడానికా?"

అమ్మ మాట పట్టించుకోకు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకి ఎదురు తిరిగిన వార్త వచ్చిన 1992లో, వీధిలో ఆడవాళ్ళని పోగేసి కలెక్టరాఫీసు ముందు కూర్చున్న మనిషి. 1995 జనవరిలో మద్యనిషేధం పెట్టిన రోజు ఇంటింటికీ పంచదార పంచింది. రెండేళ్ళకి అది ఎత్తేస్తే ఎవరిమీదో తెలియని కోపం ఇప్పటికీ ఉంది. ఆమెకి వైన్ వేరు, సారా వేరు అని చెప్పే ధైర్యం నాకు లేదు. నువ్వే చెప్పుకో.

సరే, ఆ సంగతి పక్కన పెడదాం. బంటి పదో తరగతి కదా వచ్చే ఏడు? ఈ సమయంలో ఊరు మారిస్తే స్కూలు సంగతేంటి? అల్లుడుగారు పుణెలోనే ఉండి, నువ్వు నాసిక్‌లోనా? పుణె నుంచి నాసిక్ వారానికోసారి వచ్చిపోవడం తేలికేనని శేషు అంటాడు. వాడికి అన్నీ తేలికే.

పొద్దుపోక నాసిక్ గురించి కొంచెం చదివాను. మనకి మిర్చి యార్డు ఎలాగో అక్కడ లాసల్‌గావ్‌లో ఉల్లిపాయల మార్కెట్ అంత పెద్దదట. ద్రాక్షకి ఏడాదికి రెండు కత్తిరింపులట: ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒకటి. రెండో కత్తిరింపు మీద వచ్చిందే పంట. ఫ్రాన్సు వాళ్ళు ఆగస్టు, సెప్టెంబరుల్లో కోస్తారు. మనకి అవి వాన నెలలు కాబట్టి కోతని జనవరి నుంచి మార్చికి జరుపుకున్నారు. పగలు ఎండ, రాత్రి చలి ఉంటే కాయకి రుచి పడుతుందట. ఇదంతా నీకు తెలిసే ఉంటుంది. మొక్క పెట్టాక సరైన పంటకి రెండు మూడేళ్ళు పడుతుందని కూడా తెలిసే ఉంటుంది. నీకిప్పుడు నలభై నాలుగు. లెక్క నువ్వే వేసుకో.

వైన్ చేసే సూలా కంపెనీ పెట్టిన రాజీవ్ సామంత్ అమెరికాలో ఒరాకిల్ ఉద్యోగం వదిలేసి వచ్చాడని నువ్వు అనకముందే నేనే రాస్తున్నాను. ఆయన ముప్పై నిండకముందే వదిలాడు. నాసిక్‌లో వాళ్ళ కుటుంబానికి అప్పటికే భూమి ఉంది. మొదటి వైన్ సీసాలు బయటికి వచ్చింది 2000లో. మధ్యలో ఎన్నేళ్ళు పోయాయో చూడు. అక్కడ వ్యవసాయదారుడు కానివాళ్ళు వ్యవసాయ భూమి కొనడానికి లేదట కదా. పాస్‌బుక్ అందుకేనని నాకు అర్థమైంది. మన ఆంధ్రా పాస్‌బుక్ మహారాష్ట్రలో చెల్లుతుందో లేదో ముందు అక్కడి లాయరుని అడుగు. బ్రోకర్ని కాదు, లాయరుని.

ఇంకో సంగతి. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం వైన్ పాలసీ తెచ్చి పన్ను తగ్గించాక రైతులు ఎగబడి వైన్ రకాలు వేశారు. 2008లో మాంద్యం వచ్చింది, బొంబాయి దాడుల తర్వాత హోటళ్ళు ఖాళీ అయ్యాయి, కంపెనీలు కాయ కొనడం తగ్గించాయి. ఎంతోమంది తీగలు పీకేసుకున్నారు. తినే ద్రాక్షయితే బండి మీద పెట్టి అమ్ముకుంటారు, ఎండబెట్టి కిస్‌మిస్ చేస్తారు. వైన్ ద్రాక్ష చిన్నకాయ, తొక్క మందం, లోపల గింజలు. కంపెనీ వద్దంటే దాన్ని ఎవరు తింటారు? ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొగాకు కూడా అంతే కదా, కూర వండుకోలేం, గేదెకి వేయలేం. కొనేవాడు ఎంతంటే అంత. 1976లో మన ఊళ్ళో పొగాకు బోర్డు వచ్చి, ఆ తర్వాత వేలం పెట్టాక రైతు కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. నీ ద్రాక్షకి వేలం ఉందా? లేకపోతే ఎవరితో ఒప్పందం, ఎన్నేళ్ళకి, ధర ముందే రాసుకుంటారా, కాయలో తీపి తక్కువైతే ధరలో ఎంత కోస్తారు? ఇవి అడిగే ధైర్యం లేకపోతే ఎవరి తోటలోనైనా జీతానికి చేరు. అది ఇంకా మంచిది.

మీ పెద్దమామయ్య సంగతి నీకు సగమే తెలుసు. అప్పటికి నువ్వు చిన్నదానివి. బ్యాంకులో ఆఫీసరు, ఫ్యాను కింద ఉద్యోగం, సరిగ్గా నీ వయసు. ఉన్నట్టుండి మేడ్చల్ దగ్గర నాలుగెకరాలు కొని అనాబ్-ఎ-షాహి వేశాడు. హైదరాబాద్ చుట్టూ అప్పుడంతా ద్రాక్షతోటలే. రాతి స్తంభాలు నాటి పైన తీగ లాగి పందిరి వేయాలి. ఆ పందిరికే మీ అత్తయ్య గాజులు పోయాయి. మొదటి కాపు వచ్చిన ఏడాది బస్సు మీద అట్టపెట్టెలు పంపాడు, గుర్తుందా? ఒక్కో గుత్తి నీ చెయ్యంత. వీధిలో అందరికీ పంచాం. మూడో ఏడు మార్చిలో, ఇంకో వారంలో కోత అనగా, రాత్రి వడగళ్ళు పడ్డాయి. పొద్దున వెళ్ళి చూస్తే కాయలన్నీ పగిలి రసం కారుతోంది. దళారి వచ్చి చెప్పిన ధరకి మామయ్యకి కోపమొచ్చింది. "నేనే కిస్‌మిస్ చేస్తా" అని టార్పాలిన్లు పరిచి ఎండబెట్టాడు. గింజలున్న ద్రాక్షని కిస్‌మిస్ చేయడమేంటని ఎవరు చెప్పినా వినడే! కందిరీగలు ముసిరాయి. పరిచిందంతా పాకంలా అంటుకుంటే గరిటెలతో గీకాం. నేనూ వెళ్ళాను, సెలవు పెట్టుకుని. నా లుంగీ ఒకటి దానికే బలైపోయింది.

రెండేళ్ళు ఈడ్చి తోట అమ్మేశాడు. కొన్నవాడు తీగలు పీకించి ప్లాట్లు వేశాడు. ఇప్పుడక్కడ గజం ధర ఎంతో అత్తయ్య ప్రతి పెళ్ళిలో చెప్తుంది, కావాలంటే ఫోన్ చెయ్. మీ అమ్మ ఈ కథ విన్న ప్రతిసారీ "చూశారా, ఉద్యోగం వదలకూడదు" అంటుంది. శేషు "చూశారా, భూమి అమ్మకూడదు" అంటాడు. నేను చూసింది వేరే. బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ ఆయన నిద్రమాత్ర వేసుకునేవాడు. తోటలో నులకమంచం మీద, మేం గరిటెలతో గీకిన ఆ రాత్రి కూడా, గుర్రు పెట్టి నిద్రపోయాడు. ఇది రాయకూడదనుకున్నాను. నీకు ఉపయోగపడే పాయింటు నేనే ఇస్తున్నట్టుంది.

ఇక జాగ్రత్తలు. చిన్నప్పుడు నీకు ఆయాసం. మృగశిర కార్తెకి చేపమందు వేయించడానికి హైదరాబాద్‌లో ఎన్ని గంటలు క్యూలో నిలబడ్డామో. వైన్ చెడకుండా గంధకం పొగ, గంధకం మందు వాడతారట. అది ఆయాసం ఉన్నవాళ్ళకి పడకపోవచ్చు. అక్కడ పని మొదలుపెట్టేముందు డాక్టర్‌కి చూపించుకో. ఇన్‌హేలరు బ్యాగులో కాదు, జేబులో ఉండాలి. ద్రాక్షరసం పులిసేటప్పుడు ట్యాంకుల్లో కార్బన్ డయాక్సైడ్ నిండుతుంది. ట్యాంకులోకి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు. మన ఊళ్ళో పాతబావిలో దిగేముందు తాడుకి దీపం కట్టి దించేవాళ్ళం. దీపం ఆరిందా, ఎవరూ దిగరు. నువ్వు తల కూడా పెట్టకు. "ఒక్క నిమిషం" అని అసలే పెట్టకు, నీ ఒక్క నిమిషాలు నాకు తెలుసు. తోటలో మందు కొట్టేటప్పుడు గాలికి ఎదురు నిలబడకు. బూజు తెగులుకి బోర్డో మందే కదా, మిరపనారుకి మేం కొట్టేదే. అది ఫ్రాన్సులో ద్రాక్షతోటల్లోనే పుట్టిందట, 1880ల్లో. అందులోని మైలుతుత్తం గోళ్ళలో ఉంటే అన్నం తినకు. గమ్ బూట్లు కొనుక్కో, తోటల్లో పాములుంటాయి.

రుచి చూడ్డం గురించి కూడా అమ్మకి టెన్షన్. రుచి చూసి ఊసేస్తారని చదివి వినిపించాను, నమ్మలేదు. నేను నమ్ముతాను. ఉద్యోగమంతా నేను పొగాకు గ్రేడింగే చేశాను కదా. ఆకు చేత్తో పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆకు ఆరబెట్టే ఏ బ్యారన్‌లో మంట ఎక్కువైందో చెప్పేవాణ్ణి. ఒక్క సిగరెట్ కాల్చలేదు. నీకు ఆరేళ్ళున్నప్పుడు గోడౌనుకి వస్తే, కళ్ళు మూసుకుని బేళ్ళు వాసన చూసి "ఇది తడి, ఇది మాడు" అన్నావు. మా మేనేజరు నిన్ను ఉద్యోగంలోకి తీసుకుంటానన్నాడు. ఆ ముక్కు పెట్టుకుని ఇన్నేళ్ళు కంప్యూటరు ముందు కూర్చున్నావు.

కానీ ఆర్నెల్ల ఖర్చులు బ్యాంకులో లేకుండా రాజీనామా ఇవ్వకు. ఇల్లు తాకట్టు పెట్టకు. పీఎఫ్ ముట్టుకోకు. అల్లుడుగారు మనస్ఫూర్తిగా సరేనన్నారా, విసుగెత్తి సరేనన్నారా, తేడా కనుక్కో. ఆయన ఏమీ అనరు, అదే భయం.

నాసిక్ దూరమని అమ్మ అంటే, నాసిక్ పక్కన త్రయంబకంలో పుట్టిన గోదావరి పట్టిసీమ నుంచి కాలవలో వచ్చి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తోంది, మాధవి ఊరి నీళ్ళు మన పక్కకే వస్తున్నాయన్నాను. "నీళ్ళు వస్తాయి, పిల్ల వస్తుందా" అంది. నాసిక్‌లో పంచవటి ఉందనగానే మాత్రం కాస్త మెత్తబడింది. వెంటనే "సీతమ్మని ఎత్తుకుపోయింది అక్కడే కదండీ" అని మళ్ళీ మొదలుపెట్టింది.

జనవరిలో కోత అంటే ఇక సంక్రాంతికి నువ్వు రాలేవని నాకు అర్థమైంది. అది నువ్వు చెప్పక్కర్లేదు. మేమే వస్తాం. బెజవాడ వెళ్ళి నరసాపురం నుంచి షిర్డీ దగ్గరి నాగర్‌సోల్ వెళ్ళే బండి ఎక్కుతాం. షిర్డీ అని చెప్తే అమ్మ పెట్టె సర్దేస్తుంది. ఇప్పుడు రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి నవంబరులోనే బుక్ చెయ్యాలి. కోత ఏ వారమో ముందుగా రాయి. రెండూ లోయర్ బెర్తులే కావాలి.

ఇట్లు,
నాన్న

తా.క.: అక్కడ చలికాలం రాత్రుళ్ళు బాగా చలట. నీ పాత ఊలు స్వెట్టరు బీరువాలో ఉంది. బంటికి ఏ సైజో చెప్పు, అమ్మ అల్లుతానంటోంది. కోపం తగ్గిందని కాదు, ఊలు మిగిలిందట.