శ్రోతల సంఘం, కర్నూలు: 2025-26 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన శ్రోతలందరికీ నమస్కారం. రానివారికి ఈ నివేదిక వాట్సాప్‌లో చేరుతుంది. కనీసం అక్కడైనా చివరిదాకా చదవాలని మనవి.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా పనిలోకి వస్తాను. వివిధ దేశాల ప్రజా రేడియో సంస్థలు తయారుచేస్తున్న పాడ్‌కాస్టులలో (ఫోనులో ఎప్పుడైనా వినగలిగే కార్యక్రమాలలో) మంచివాటిని ఏరి, తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్నవారికి సూచించడం ఈ ఏడాది మనం చేపట్టిన పని. కార్యక్రమం పేరు చెప్పి ఊరుకుంటే ఎవరూ వినరని కార్యవర్గం మొదట్లోనే తేల్చింది. ఏ భాగం వినాలి, ఎంతసేపు ఉంటుంది, ఎవరికి నచ్చుతుంది, ఇంగ్లిషు ఏపాటి కష్టం అన్న నాలుగు సంగతులూ రాసిస్తేనే ఆ సూచన మన నోటీసు బోర్డు ఎక్కుతుంది. ఈ నియమం వల్ల సూచనలు తగ్గాయి, వినేవాళ్లు పెరిగారు.

కొత్తగా మొదలుపెట్టేవారికి మేము ఎక్కువగా చెప్పింది బీబీసీ, బ్రిటిష్ మ్యూజియం కలిసి 2010లో ప్రసారం చేసిన 'ఎ హిస్టరీ ఆఫ్ ది వరల్డ్ ఇన్ 100 ఆబ్జెక్ట్స్'. భాగానికి ఒక వస్తువు, పావుగంట సమయం. అప్పటి మ్యూజియం డైరెక్టర్ నీల్ మెక్‌గ్రెగర్ నిదానంగా, విడమరచి మాట్లాడతారు. సింధు నాగరికత ముద్ర మీద ఉన్న భాగంతో మొదలుపెట్టినవాళ్లు మధ్యలో మానలేదు. సైన్సు విద్యార్థులకు బీబీసీ వరల్డ్ సర్వీస్ వారి 'క్రౌడ్‌సైన్స్' ఇచ్చాం. శ్రోతలు పంపిన ప్రశ్న పట్టుకుని శాస్త్రవేత్తల దగ్గరికి వెళ్లి జవాబు రాబట్టే కార్యక్రమం అది. బీబీసీదే అయిన 'ఇన్ అవర్ టైమ్' మాత్రం ఓపిక ఉన్నవారికే. ముగ్గురు ఆచార్యులను కూర్చోబెట్టి ముప్పావుగంట ఒకే విషయం మీద మాట్లాడిస్తారు. 1998 నుంచి దాన్ని నడిపిన మెల్విన్ బ్రాగ్ 2025లో తప్పుకున్నారు. పాత భాగాలన్నీ ఇంకా దొరుకుతున్నాయి. అందులో అశోకుడి భాగాన్ని చరిత్ర ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా సూచించాం. ఆయన శాసనాలున్న ఎర్రగుడి బండలు మన జిల్లాలోనే, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఉన్నాయి. మనలో ఎంతమంది చూశారని చేతులెత్తమంటే ఇబ్బంది కనుక అడగను.

న్యూయార్క్ ప్రజా రేడియో నుంచి 2002లో మొదలైన 'రేడియోల్యాబ్' విషయంలో కార్యవర్గంలో ఏకాభిప్రాయం లేదు. మాట మీద మాట, చప్పుడు మీద చప్పుడు పేర్చి కథ చెబుతారు. నైపుణ్యం గొప్పదే, కానీ అమెరికా ఇంగ్లిషు అలవాటు లేని చెవికి తికమక. కొత్తవారికి వద్దని నా అభిప్రాయం. అదే ముందు వినిపించాలని ఉపాధ్యక్షుల పట్టు. ఇద్దరి మాటా మినిట్స్ పుస్తకంలో ఉంది.

ఇక ఆదోని సభ. ఈ ఏడాది సంఘం చేసిన పనులన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. అమెరికాలోని ఎన్‌పీఆర్ (జాతీయ ప్రజా రేడియో) వారి ఆర్థిక విషయాల కార్యక్రమం 'ప్లానెట్ మనీ' బృందం 2013లో టీ షర్టులు కుట్టించి, వాటి వెంట లోకమంతా తిరిగింది. పత్తి మిసిసిపీలో పండింది, మగవారి చొక్కాల నూలు ఇండోనేషియాలో వడికారు, ఆ చొక్కాలు బంగ్లాదేశ్‌లో, ఆడవారివి కొలంబియాలో కుట్టారు. పత్తి కథను పత్తి ఊళ్లోనే వినిపించాలని ఒక మిల్లు ఆవరణలో కుర్చీలు వేశాం. కొన్ని నిమిషాలు వినిపించడం, ఆపడం, కళాశాలలో ఇంగ్లిషు చెప్పే మన సభ్యురాలు తెలుగులో వివరించడం, మళ్లీ వినిపించడం. రైతులు, హమాలీలు, పత్తి తీసే ఆడవాళ్లు వచ్చారు.

అక్కడ యంత్రాలే పత్తి తీస్తాయని చెప్పగానే వెనక వరుసలోంచి ఒకావిడ లేచి, "యంత్రం తీస్తే ఆకూ పుల్లా కూడా వస్తాయి కదా, ఎవరు ఏరతారు?" అని అడిగింది. కోతకు ముందే మందు కొట్టి ఆకు రాల్చేస్తారని, మిగిలిన చెత్తను జిన్నింగ్‌లో, అంటే గింజ వేరు చేసేచోట, యంత్రాలే తీస్తాయని చెప్పాం. "అయితే మాకు కూలి లేనట్టే" అని కూర్చుంది. జిన్నింగ్ మిల్లులో పనిచేసే మన సభ్యుడు బేలు (నొక్కి కట్టిన దూది మూట) బరువు సంగతి తీశాడు. మన బేలు 170 కిలోలు, వాళ్లది 480 పౌండ్లు, అంటే దాదాపు 218 కిలోలు. దాన్ని ఎత్తేది మనిషా, బండా అని హమాలీల మధ్య చాలాసేపు వాదన నడిచింది. అమెరికాలో వాడి వదిలేసిన బట్టలు కెన్యా సంతల్లో అమ్ముడవుతాయన్న భాగానికి వచ్చేసరికి చీకటి పడింది, అయినా ఎవరూ లేవలేదు.

ఆ రోజు ఆవరణ ఇచ్చిన మిల్లు యజమానికి, వివరణ చెప్పిన సభ్యురాలికి, స్పీకర్లు ఆటోలో వేసుకొచ్చిన యువకులకు, టీలకు డబ్బు తీసుకోని హోటలు వారికి, బ్యానరు రాసిన చిత్రకారుడికి, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మోసుకొచ్చిన పక్కింటివారికి, నోటీసులు పంచిన విద్యార్థులకు సంఘం తరఫున కృతజ్ఞతలు. పేరు పేరునా చెప్పడానికి చోటు చాలదు.

కృతజ్ఞత చెప్పలేని సంగతులూ ఉన్నాయి. కర్నూలులో ఇలాంటి సభ కోసం ఒక కార్యాలయానికి హాలు అడుగుతూ దరఖాస్తు ఇచ్చాం. సంబంధిత అధికారి సెలవులో ఉన్నారన్నారు, తరువాత బదిలీ అయ్యారన్నారు, ఆ తరువాత దరఖాస్తే కనబడలేదన్నారు. సొంతవారి సంగతి ఇంతకంటే మెరుగు కాదు. పాడ్‌కాస్టులకు తెలుగు సారాంశాలు రాస్తామని గత సమావేశంలో ఉత్సాహంగా పేర్లు ఇచ్చినవారిలో రాసింది ఇద్దరే. మిగిలినవారు పెళ్లిళ్లలో కనబడతారు, ఫోనులో దొరకరు.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. జిరాక్సులు, ఆటో బాడుగలు, ఒక స్పీకరు మరమ్మతు తప్ప చెప్పుకోదగ్గ ఖర్చు లేదు.

చందా గురించి మాత్రం రెండు మాటలు. బీబీసీ ప్రధానంగా ఇంటింటి లైసెన్సు రుసుముతో నడుస్తుంది. అమెరికా ప్రజా రేడియోలు ప్రసారం మధ్యలోనే శ్రోతలను విరాళం అడుగుతాయి. 2025 జులైలో అక్కడి చట్టసభ (కాంగ్రెస్) ప్రజా ప్రసారాలకు కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను రద్దు చేశాక ఆ అవసరం ఇంకా పెరిగింది. ఊరూ పేరూ తెలియని శ్రోతలు కట్టిన డబ్బుతో తయారైనదాన్ని మనం ఇక్కడ ఉచితంగా వింటున్నాం. మన సంఘానికి మనం కట్టాల్సిన చందాలో సగానికి పైగా బకాయి ఉంది.

వచ్చే ఏడాది మన ఆకాశవాణిని కూడా చేర్చాలని ప్రతిపాదన. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో కడప, విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు ప్రత్యక్షంగా వినబడతాయి. 1963లో మొదలైన కడప కేంద్రాన్ని వింటూ పెరిగిన పెద్దలు మనలో ఉన్నారు. ఏ కార్యక్రమం ఏ వేళకు వస్తుందో నెలకొకసారి పట్టిక రాసిచ్చే బాధ్యత వారిలో ఒకరు తీసుకోవాలి. పేరు ఇచ్చేముందు ఆలోచించుకుని ఇవ్వండి.

రశీదు పుస్తకం తలుపు దగ్గర బల్ల మీద ఉంది. ఆదోని నుంచి వచ్చేటప్పుడు స్పీకరు వైరు ఎవరి సంచిలో వెళ్లిందో వారు ఈ ఆదివారంలోగా తెచ్చివ్వాలి.

కార్యదర్శి