భద్రకాళి చెరువుకట్ట మీద ఆ మధ్యాహ్నం

దోహా,
డిసెంబరు 6, శుక్రవారం.

పూజ్యులైన బాపుకు, అమ్మకు మీ కుమారుడు నమస్కరించి వ్రాయునది.

నేనిక్కడ క్షేమంగా ఉన్నాను. మీరందరూ అక్కడ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పని ఎప్పటిలాగే నడుస్తోంది. గోదాములో లెక్కలు రాసే పని కాబట్టి ఎండలో నిలబడే అవసరం లేదు, ఆ దిగులు పెట్టుకోవద్దు. జీతం నాలుగో తేదీన పడింది, మరునాడే పంపించాను.

మొన్న ఫోన్లో అక్క ఒక మాట చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఇల్లు కట్టిన అప్పు తీరనే లేదు, ఒక్కనాటి వరంగల్ తిరుగుడుకు వాడు వెయ్యి రూపాయలు పోగొట్టాడని బాపు రెండుసార్లు అన్నారట. బాపూ, మీరు ఆ మాట కోపంతో అనలేదని నాకు తెలుసు. నేనిక్కడ ఒక్కొక్క రియాలు ఎట్లా వెనకేస్తున్నానో తలచుకుని అని ఉంటారు. అయినా ఆ రోజు లెక్క మీ ముందు పెట్టనిదే నాకు నిమ్మళం లేదు. అమ్మకు, అక్కకు, చిట్టికి ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్లు కొట్టి ఇచ్చాడు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ బస్సులో కూడా చార్జీ లేకపోవడం మనలాంటి ఇళ్లకు ఎంత ఆసరానో ఆ రోజే నాకు పూర్తిగా తెలిసింది, ఎందుకంటే హుజూరాబాద్ నుంచి హనుమకొండకు మీకూ నాకూ మాత్రమే రానుపోను కలిపి 260 రూపాయలు అయింది. ఆటో 450కి మాట్లాడుకున్నాము. కోటలో మనిషికి 25 రూపాయల టికెట్, చిట్టికి అదీ లేదు. కొబ్బరికాయ, పూలు, చాయ్, బజ్జీలు, చిట్టి గాజులు, తిరిగి బస్టాండుకు ఎక్కిన ఆటో అన్నీ కలిపినా మొత్తం 1,110 రూపాయలు దాటలేదు. అన్నం కొనలేదు. అమ్మ కట్టిన పులిహోర, పెరుగన్నం, సర్వపిండి ఐదుగురికీ సరిపోయి ఆటో అతనికి కూడా పెట్టాము. చెరువు, చెట్టునీడ, గుడి అరుగు మనల్ని ఎవరూ పైసా అడగలేదు.

లెక్క ఇంతే. కానీ నేను చెప్పదలచుకున్నది లెక్క కాదు. ఇన్నేళ్లుగా వరంగల్ అంటే మన ఇంటికి ఆసుపత్రి. ఆసుపత్రి కాకపోతే మార్కెట్టుకు మిర్చి బస్తాలు తోలిన నాడు, ఎరువుల కోసం వెళ్లిన నాడు, అక్క పెళ్లి బట్టలు కొన్న నాడు. ఎప్పుడు వెళ్లినా పని చేతిలో, భయం కడుపులో పెట్టుకుని వెళ్లి, చీకటి పడకముందే బస్సు ఎక్కేవాళ్లము. నేను హనుమకొండలో మూడేళ్లు డిగ్రీ చదివినా, మిమ్మల్ని ఒక్కసారైనా వేయిస్తంభాల గుడికి తీసుకువెళ్లలేకపోయాను. ఆ బాకీ నాకు ఇంటి అప్పుకన్నా తక్కువది కాదు.

నేను చదువుకునే రోజుల్లో ఆ గుడి ముందరి కల్యాణ మండపం లేదు. 2006లో విప్పిన రాళ్లను ఆవరణలోనే పేర్చి పెట్టారు. వాటి మధ్య కూర్చుని మేము పరీక్షలకు చదువుకునేవాళ్లము. 2024 మార్చిలో మండపాన్ని మళ్లీ తెరిచారని ఇక్కడ వార్తల్లో చూసినప్పటి నుంచి, ఈసారి సెలవులో మొట్టమొదట అక్కడికే పోవాలని అనుకున్నాను. పునాదిలో ఇసుక నింపి, అంత బరువును దాని మీద నిలబెట్టారని నేను చెబితే, బాపు వంగి ఆ స్తంభం అడుగును చేత్తో తడిమి చూడడం నా కళ్ల ముందు ఇంకా ఉంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి. కానీ అమ్మకు ఈ వివరాలకన్నా ఆ నల్లరాతి నంది మెడలోని గంటల పట్టెడే నచ్చింది. "మన ఎడ్లకు కట్టేటట్టే కట్టిండ్రు" అని చుట్టూ తిరిగి రెండుసార్లు చూసింది. తర్వాత అమ్మ తన జడలోని పూలదండ నుంచి కాస్త దారం తెంపి చిట్టికి ఇచ్చింది. స్తంభం మీది చెక్కడంలో ఆవగింజంత సందు ఉంటే, చిట్టి నాలుక బయటపెట్టి ఊపిరి బిగబట్టి ఆ దారాన్ని ఇటు నుంచి అటు దూర్చింది. దారం కొస అవతల కనిపించగానే అది చేసిన కేకకు పూజారి కూడా తిరిగి చూశాడు. ఆ దారాన్ని నేను నా పర్సులో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఈ సంగతి ఇప్పటివరకు మీకు చెప్పలేదు.

ఖిలా వరంగల్‌లో నేను మీకు కీర్తితోరణాలు చూపించాలని తొందరపడ్డాను. స్వయంభూ శివాలయం కూలిపోయి, దాని నాలుగు దిక్కుల్లో ఆ నాలుగు తోరణాలు మిగిలాయి. ప్రభుత్వ కాగితాల మీది ముద్రలో ఉన్నది ఇదేనని చిట్టి గుర్తుపట్టినప్పుడు నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. కానీ బాపు కన్ను మాత్రం మట్టికోట మీదే ఉంది. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తిచేసిన ఆ రాతిగోడను, సున్నం లేకుండా పేర్చిన రాళ్లను బాపు మెచ్చుకున్నారు, నిజమే. అయినా ఆటో మట్టికట్ట దగ్గరికి రాగానే ఆపించి దిగారు. ఆ ఏటవాలును, కందకాన్ని చూసి, "రాతిగోడను పగలగొట్టొచ్చు బిడ్డా, ఈ కట్టను ఏం జేస్తరు? మన్ను దెబ్బను మింగుతది. చెరువు కట్టిన చేతులే దీన్ని కట్టినై" అన్నారు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టించిన రాజ్యం అదేనని నేను పుస్తకాల్లో చదువుకున్నాను, మీరు మట్టిని చూసి చెప్పారు. 1323లో కోట ఢిల్లీ సైన్యం చేతికి పోయిందని నేను అన్నప్పుడు మీరు కొంచెంసేపు మాట్లాడలేదు. ఖుష్‌మహల్ లోపల చల్లగా ఉందని అక్కా చిట్టీ అక్కడే కూర్చుండిపోయారు. ఏకశిల గుట్ట మెట్లు నేనొక్కడినే ఎక్కి వచ్చాను.

భద్రకాళి గుడికి చేరేసరికి ఒంటిగంట దాటింది, గుడి మూసేశారు. మధ్యాహ్నం మూస్తారన్న సంగతి తెలిసి కూడా కోటలో ఆలస్యం చేసింది నేనే. ఆ తప్పు నాది. అప్పటికే అమ్మ కాళ్లు లాగుతున్నాయని నేను గమనించి ఉండాల్సింది. తిరిగి వచ్చాక రెండు రోజులు పాదాలు వాచాయని అక్క చెప్పినప్పుడు, ఇక్కడ కూర్చుని నేను ఏమీ చేయలేక ఎంత బాధపడ్డానో చెప్పలేను. కానీ గుడి మూసి ఉండబట్టే ఆ రెండు గంటలు మనకు దక్కాయి.

చెరువుకట్ట మీద, చెట్టు కింద అమ్మ తువ్వాల పరిచి సద్ది విప్పింది. నీళ్ల మీదుగా గాలి వస్తోంది. సర్వపిండి చల్లారి గట్టిపడితేనే బాపుకు ఇష్టం, నువ్వులూ పల్లీలూ పంటికి తగలాలి. అందుకని అమ్మ అంచు ముక్కలు తీసి మీకే పెట్టింది. అప్పుడు, ఎవరూ అడగకుండానే, అమ్మ ఆ మాట చెప్పింది. బాపుకు ఆపరేషన్ అయిన రాత్రి, నేను మందులకు పోయినప్పుడు, అమ్మ ఒక్కతే దారి అడుగుకుంటూ ఈ గుడి దాకా నడిచి వచ్చిందట. అప్పుడూ గుడి మూసే ఉందట. మూసిన తలుపు ముందే నిలబడి, మనిషి లేచి తిరిగితే ఒడిబియ్యం పోస్తానని మొక్కుకుని, మళ్లీ నడుచుకుంటూ వచ్చి వరండాలో చాప మీద కూర్చుందట. ఆరేళ్లు ఆ మాట అమ్మ ఎవరికీ చెప్పలేదు; అప్పు ఉండగా మొక్కు గురించి ఎత్తితే మీరు బాధపడతారని ఊరుకుంది. బాపూ, అప్పుడు మీ చేతిలోని ముక్క చేతిలోనే ఉండిపోయింది. మీరు చెరువు వైపు తిరిగి కూర్చున్నారు. నేను కూడా మీ వైపు చూడలేకపోయాను.

తెరిచాక లోపలికి పోయి, ఇంటి నుంచి తెచ్చిన బియ్యం, రవికముక్క, పసుపు, కుంకుమ అమ్మ తన చేతులతో అమ్మవారికి సమర్పించింది. బయటికి వచ్చినప్పుడు అమ్మ ముఖం నేను చిన్నప్పుడు బతుకమ్మ ఎత్తుకున్న నాడు చూసిన ముఖమే. నలభై రోజుల సెలవులో పెళ్లిళ్లకూ చుట్టాల ఇళ్లకూ ఎంతో ఖర్చయింది. వాటిలో ఏ రూపాయి ఎక్కడికి పోయిందో నాకు గుర్తులేదు. ఈ 1,110 మాత్రం ఒక్కొక్కటిగా గుర్తుంది. ఇక్కడ సెలవు రోజున సముద్రం ఒడ్డుకు పోతాము, అక్కడా ఎవరూ పైసా అడగరు. కానీ ఆ గాలికి కూర్చున్నప్పుడు నాకు ఆ చెట్టు కిందికే పోవాలనిపిస్తుంది.

బోరు మోటారు బాగుచేయించారా? దానికి వేరుగా పంపమంటే పంపుతాను, చేబదులు తేవద్దు. అమ్మా, షుగర్ మాత్రలు అయిపోకముందే తెప్పించుకో. అప్పు సంగతి నేను చూసుకుంటున్నాను. వచ్చే దసరాకు తీరిపోతుంది, మాట ఇస్తున్నాను.

బాపూ, ఒక్క కోరిక ఉంది. ఈ నెల పంపిన దానిలో 1,500 రూపాయలు విడిగా తీసి పెట్టండి. సంక్రాంతి సెలవుల్లో ఎండలు ముదరకముందే మళ్లీ ఒకసారి అమ్మను, అక్కను, చిట్టిని తీసుకుని వెళ్లండి. ఈసారి కోటకు పోకుండా పొద్దున్నే భద్రకాళి దర్శనం చేసుకుని, కట్ట మీద సద్ది తిని, ఎండ తగ్గాక వేయిస్తంభాల గుడిలో కూర్చుని వస్తే అమ్మకు నడక ఉండదు. శుక్రవారం అయితే అమ్మవారికీ మంచిది, నాకూ సెలవు. మీకు మధ్యాహ్నం రెండు అయితే ఇక్కడ పదకొండున్నర, నేను గదిలోనే ఉంటాను. సద్ది విప్పేటప్పుడు అక్కతో ఒకసారి వీడియో కాల్ చేయించండి. ఫోన్‌ను మీ వైపు కాకపోయినా చెరువు వైపు తిప్పి పెట్టినా చాలు.

ఇట్లు,
మీ కుమారుడు.