మోటివేషన్ స్పీకర్‌ని పంపను బావా

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నువ్వు పంపిన ఆరు వాయిస్ మెసేజీలూ విన్నాను. ఆరోదాంట్లో నీ గొంతు కంటే క్యాజువాలిటీ గోలే ఎక్కువ వినబడింది. ఫోన్లో తేలే విషయం కాదని కూర్చుని రాస్తున్నా.

రెండు నెలల్లో ముగ్గురు నర్సులు మానేశారు, ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవట్లేదు, మంచి మోటివేషన్ స్పీకర్‌ని చూసి పంపు, త్వరగా పంపు. ఇదేగా నువ్వడిగింది? అది విని నేను రాత్రి పదకొండింటికి లేచి, గబగబా పది పాయింట్లు రాశాను. పొద్దున చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. చించేశాను. ఎందుకో తర్వాత చెబుతా.

స్పీకర్‌ని మాత్రం పంపను. గంటసేపు చప్పట్లు, ఒక గ్రూప్ ఫొటో, మర్నాడు నైట్ డ్యూటీకి మళ్లీ అవే మొహాలు.

పన్నెండేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తూ ఇంకా ట్యూషన్‌కి వెళ్తున్నావేంట్రా అని నన్ను ఎగతాళి చేస్తుంటావుగా, ఈ ఉత్తరం దాని గురించే. దాన్ని మేం సూపర్‌విజన్ అంటాం. తెలుగులో పర్యవేక్షణ అంటే కలెక్టరుగారు తనిఖీకి వచ్చినట్టుంటుంది కాబట్టి ఆ మాట వద్దు. హైదరాబాద్‌లో ఒక సీనియర్ మేడమ్ ఉన్నారు. నెలకి రెండుసార్లు, గంట చొప్పున, నా డబ్బుతో ఆవిడ దగ్గర కూర్చుంటాను, ఎక్కువగా వీడియో కాల్లోనే. నేను చూసిన కేసుల గురించి పేర్లు లేకుండా మాట్లాడతాను. కొత్తవాళ్లు చూసే కేసుల్ని పెద్దవాళ్లతో కూర్చుని మాట్లాడుకోవాలన్న పద్ధతి 1920లో ఫ్రాయిడ్ శిష్యులు బెర్లిన్‌లో పెట్టిన క్లినిక్ నుంచీ ఉంది. బ్రిటన్‌లో కౌన్సెలర్ల పెద్ద సంఘం అక్రెడిటేషన్, అంటే తమ గుర్తింపు, కావాలంటే నెలకి కనీసం గంటన్నర సూపర్‌విజన్ ఉండాలంటుంది, అనుభవం ఎన్నేళ్లున్నా సరే. ఇక్కడ నన్ను ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు.

అసలు అక్కడ ఏం జరుగుతుందో చెప్తా విను. ఊరూ వయసూ అన్నీ మార్చి చెబుతున్నా, ఎవరా అని ఆరా తీయకు.

2024 సెప్టెంబరులో బుడమేరు మా సింగ్ నగర్ మీద పడిందిగా. మా కింది వాటా మునగడం నీకు తెలుసు. నీళ్లు తీశాక నెల తిరక్కుండానే క్లినిక్ తెరిచాను. ఒకామె వచ్చింది. భర్త పోయి రెండేళ్లు. వరదలో ఆయన ఫొటోలన్నీ బురదయిపోయాయి. ఆవిడ ఫొటోల గురించి మొదలుపెట్టగానే నేను, నష్టపరిహారం లిస్టులో పేరుందా, సచివాలయంలో అడిగారా, గోడలు ఆరాయా అని మొదలుపెట్టేవాణ్ని. మూడు వారాలు ఇదే తంతు. ఎంత సాయం చేస్తున్నానో అని నాకు లోపల గర్వం కూడా.

మేడమ్‌కి ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. అంతా విని, “ఆవిడ ఎప్పుడు ఏడ్చింది?” అన్నారు.

ఏడవలేదు. నేను ఏడవనివ్వలేదు. ఆవిడ ఏడిస్తే నాకు మా ఇంట్లో నానిపోయిన నాన్న ట్రంకు పెట్టె గుర్తొస్తుంది. దాని మూత నేను అప్పటికింకా తెరవలేదు. ఆ మాట మేడమ్‌తో అంటుంటే నా గొంతు పూడుకుపోయింది. తర్వాతి వారం ఆ ఫొటోలావిడ వస్తే నేను నోరు మూసుకుని కూర్చున్నా. పావుగంట ఏడ్చింది. నేను చేసిన వైద్యం అంతే.

మేడమ్ నాకు సలహా ఏమీ ఇవ్వలేదు చూడు. తప్పు పట్టలేదు కూడా. నా వీపు నాకు కనబడదు, ఆవిడకి కనబడింది.

ఇప్పుడు ఆ పది పాయింట్ల సంగతి. హెరాల్డ్ సెర్ల్స్ అని ఒక అమెరికన్ సైకియాట్రిస్టు 1955లో ఒక తమాషా గమనించి రాశాడు. పేషెంటుకీ డాక్టరుకీ మధ్య నడిచేది, ఆ డాక్టరుకీ అతని సూపర్‌వైజరుకీ మధ్య కూడా తెలియకుండానే నడుస్తుందట. మీ క్యాజువాలిటీలో అటెండర్లు “త్వరగా చూడండి” అని నర్సుల మీద పడతారు. నర్సులు నీ మీద, నువ్వు నా మీద. అర్ధరాత్రి నేను కాగితం మీద. టెన్షన్ గుంటూరు నుంచి కృష్ణ దాటి మా ఇంటికొచ్చేసింది, చూశావా?

అందుకని నాకు తోచేది ఒక్కటే చెబుతా. బుడాపెస్టులో పుట్టి లండన్ చేరిన మైకేల్ బాలింట్ అనే సైకోఅనలిస్టు 1950లలో మామూలు డాక్టర్లని గుంపుగా కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. ఎనిమిది, పదిమంది. ఒకరు తనని వదలకుండా వెంటాడుతున్న పేషెంటు గురించి చెబుతారు, కేస్ షీట్ చూడకుండా. అయ్యాక కుర్చీ కాస్త వెనక్కి లాక్కుని ఊరుకుంటారు. మిగతావాళ్లు ఆ పేషెంటుకి ఎలా ఉండి ఉంటుంది, మన డాక్టరుకి ఎలా ఉండి ఉంటుంది అని మాట్లాడుకుంటారు. నువ్విలా చేయాల్సింది అనే మాట రాకూడదు. కుర్చీ వెనక్కి లాక్కోవడం చిన్న విషయంలా ఉంటుంది గానీ, సమర్థించుకోవాల్సిన పని లేకుండా వింటుంటే మనిషికి ఎంత వినబడుతుందో!

మీ నర్సులకీ ఇలాంటిదే పెట్టు. ఫారాలు మాత్రం పెట్టకు. జరిగినదాన్ని వెనక్కి తిరిగి చూసుకోవడానికి గ్రాహం గిబ్స్ అనే బ్రిటిష్ విద్యా నిపుణుడు 1988లో చెప్పిన ఆరు మెట్ల పద్ధతి ఉంది: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది, ఏది బాగాలేదు అంటూ చివరికి ఈసారి ఏం చేస్తాను దాకా. మంచిదే. కానీ కాగితం ఇచ్చావంటే మనవాళ్లు రిజిస్టర్ రాసినట్టు షిఫ్ట్ చివర ఐదు నిమిషాల్లో నింపేస్తారు. పక్కవాళ్లది చూసి కూడా.

ఇంకోటి, ఇదే నీకు కష్టం. నువ్వు ఆ గదిలో ఉండకూడదు. సెలవులూ ఇంక్రిమెంట్లూ నీ చేతిలో ఉన్నాయి, నీ ముందు “ఆ రోజు భయమేసింది సార్” అని ఎవరంటారు? అక్కడ ఏం మాట్లాడారని తర్వాత అడగనూ కూడదు. నన్నే వచ్చి చేయమంటావేమో, నేను నీ మనిషినని వాళ్లకి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. బయటివాళ్లు కావాలి. మేడమ్‌ని అడిగి ఒకరిద్దరి పేర్లు తెస్తాను. రెండు వారాలకోసారి, డ్యూటీ టైములోనే, గంటన్నర. డ్యూటీ అయ్యాక పెడితే నేను ఒప్పుకోను, నైట్ చేసినవాళ్లు ఇంటికెళ్లి పడుకోవాలి. మొదటి రెండుసార్లు ఎవరూ పెదవి విప్పకపోవచ్చు, చూసి గాభరాపడి ఆపేయకు.

గురువారం గుంటూరు వస్తున్నా, శంకర్ విలాస్ సెంటర్లో దిగుతా. స్కూటర్ తీసుకురా. చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఆ మానేసిన ముగ్గురిలో ఒకమ్మాయి గురించి నాలుగు మెసేజీల్లో చెప్పావు, మిగతా ఇద్దరి గురించి అసలు చెప్పలేదు. ఎందుకో గురువారం దాకా ఆలోచించి ఉంచు.

నీ
బావ