ఒంటారియో ఫలితం: సీట్ల పక్కన ఓట్లు కూడా చూడాలి

సంపాదకులకు,

కెనడాలోని ఒంటారియో శాసనసభ ఎన్నికల్లో డగ్ ఫోర్డ్ నాయకత్వంలోని ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీ ప్రభంజనం సృష్టించిందని అంతా అంటున్నారు. 124 స్థానాల్లో 80 గెలిచి, వరసగా మూడోసారి పూర్తి మెజారిటీ తెచ్చుకున్న మాట నిజమే. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఇక్కడ ఓటు వేసిన నాకు ప్రభంజనం ఎక్కడా కనిపించలేదు.

2025 ఫిబ్రవరి 27, గురువారం. పని ముగించుకుని నేరుగా పోలింగ్ కేంద్రానికి వెళ్లాను. అది ఒక బడిలోని వ్యాయామశాల. బూట్లకు అంటిన మంచు కరిగి గుమ్మం దగ్గర మడుగు కట్టింది. వరసలో నా ముందు ఇద్దరే ఉన్నారు. ఓటు వేసి బయటపడడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. మా ఊళ్లో నడినెత్తిన ఎండలో కొంగు కప్పుకుని గంటల తరబడి నిలబడే అమ్మ గుర్తొచ్చింది.

ఆ రోజు ఓటేసింది వందకు 45 మంది. అందులో ఫోర్డ్ పార్టీకి పడ్డవి 43 శాతం. అంటే మొత్తం ఓటర్లలో వందకు ఇరవైమంది కూడా ఆయన వెనక లేరు.

మిగిలిన లెక్క ఇంకా బాధ కలిగించింది. సుమారు 30 శాతం ఓట్లు వచ్చిన లిబరల్ పార్టీకి దక్కినవి 14 సీట్లు. 19 శాతం కూడా రాని న్యూ డెమోక్రటిక్ పార్టీ 27 సీట్లతో ప్రధాన ప్రతిపక్షం అయింది. లిబరల్ ఓట్లు రాష్ట్రమంతా పలచగా పరుచుకున్నాయి, న్యూ డెమోక్రటిక్ ఓట్లు కొన్నిచోట్ల గుట్టగా పడ్డాయి. మా మిస్సిసాగాకు తొమ్మిదేళ్లు మేయర్‌గా ఉన్న అప్పటి లిబరల్ నాయకురాలు బోనీ క్రాంబీ తానే ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఇది కొత్త కాదు. 2024లో అక్కడ 39 శాతం ఓట్లు వచ్చిన పార్టీకి 175లో 11 సీట్లే దక్కాయి. రెండు చోట్లా బ్రిటిష్ వాళ్లు వదిలి వెళ్లిన పద్ధతే: ఒక్కో నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారిదే సీటు. ఒంటారియోలో దీన్ని మార్చాలా అని 2007లో ప్రజాభిప్రాయం అడిగితే 63 శాతం వద్దన్నారు. ఇప్పుడు మళ్లీ అడగాలి.

అసలు ఈ ఎన్నిక 2026 జూన్‌లో జరగాల్సింది. ట్రంప్ సుంకాలను ఎదుర్కోవడానికి ప్రజల తాజా తీర్పు కావాలని ఫోర్డ్ ముందుకు జరిపారు. సభలో మెజారిటీ చేతిలో ఉండగానే, గడ్డకట్టే చలిలో జనాన్ని పిలవడం నాకు మింగుడుపడలేదు.

మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి. శాశ్వత నివాసులకు ఇక్కడ ఓటు లేదు. పౌరసత్వం వచ్చినవాళ్లకు ఉంది. అయినా నాకు తెలిసిన నాలుగైదు కుటుంబాలు ఆ సాయంత్రం ఇల్లు కదల్లేదు. ఆస్పత్రులు, బడులు, అద్దె నిబంధనలు, అన్నీ రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. ఆ ఎన్నిక నాటికి ఒంటారియోలో 20 లక్షలకు పైగా జనానికి సొంత కుటుంబ వైద్యుడు లేడు. ఆ కుటుంబాల్లో ఒకరు పిల్లవాడికి వైద్యుడి కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్నారు. ఆయనతో నేను వాదించాను, మళ్లీ వాదిస్తాను.

మీకు ఒక మనవి. ఇకపై ఎక్కడి ఎన్నికల ఫలితాలు వేసినా సీట్ల పక్కనే ఓట్ల శాతం, పోలింగ్ శాతం కూడా అచ్చువేయండి.

— ఒక పాఠకుడు, మిస్సిసాగా, ఒంటారియో